అప్పు తీరింది, పెత్తనం తీరలేదు

మా నాన్న జన్మలో ఒక్కసారే జామీను సంతకం పెట్టాడు. మాది మెట్ట ఊరు. బాబాయికి రెండెకరాల చేను ఉంది గానీ నీళ్ళు లేవు. బోరు వేయించి మోటారు బిగించుకోవడానికి సహకార సంఘంలో అప్పుకి వెళితే, పూచీ ఉండే మనిషి కావాలన్నారు. నాన్న వెళ్ళి సంతకం పెట్టాడు. బోరు పడింది, నీళ్ళు పడ్డాయి, చేను పచ్చబడింది. బాబాయి మాట మీద నిలబడే మనిషి, ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కట్టాడు. నాన్న జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోలేదు.

కానీ ఆ తర్వాత పదిహేనేళ్ళు, బాబాయి చేలో ఏం వేయాలన్నా నాన్న ఓ మాట అనకుండా ఉండలేదు. మిరప వేస్తే "చెరకు వేయాల్సింది" అనేవాడు. చెరకు వేస్తే "ఈ ఏడు చెరకేంట్రా" అనేవాడు. పక్క చేనుకి నీళ్ళు పెడితే, "నా సంతకం మీద లేచిన బోరు అది, నన్ను అడగకుండా నీళ్ళమ్ముతాడా?" అని అమ్మ దగ్గర గొణిగేవాడు. ఒక సంక్రాంతికి బాబాయి ఉండబట్టలేక అనేశాడు: "అన్నయ్యా, అప్పు తీరిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆ బోరు ఇంకా నీదేనా?" ఆ పండగ ఎవరూ సరిగ్గా భోజనం చెయ్యలేదు.

ఈ సంగతి నేను మర్చిపోయి చాలాకాలమైంది. మళ్ళీ గుర్తొచ్చింది కిందటి వేసవిలో, రొమేనియా చివర, డాన్యూబ్ నది నల్లసముద్రంలో కలిసే చోట. అక్కడ సులీనా అని ఒక చిన్న ఊరుంది. దానికి రోడ్డు లేదు. తుల్చా అనే పట్నంలో పడవెక్కితే నాలుగు గంటలు. దారి పొడుగునా రెల్లుగడ్డి, కొంగలు, గూడబాతులు. కాలవ మాత్రం గీత గీసినట్టు సూటిగా ఉంటుంది. గట్టు మీద దూరం చెప్పే రాళ్ళలో అంకెలు కిలోమీటర్లలో ఉండవు, సముద్రపు మైళ్ళలో ఉంటాయి. మెలికలు తిరిగే పాత పాయ మీద ఒక పల్లెకైతే పేరే "మీలా 23". ఇరవై మూడో మైలు అని అర్థం. నది వంకర్లు సరిచేసి కొత్త కాలవ తవ్వాక ఓడలు ఆ పల్లె వైపు రావడం మానేశాయి. అంకె మాత్రం పేరుగా మిగిలిపోయింది.

సులీనాలో పందొమ్మిదో శతాబ్దపు దీపస్తంభం ఒకటుంది. అది ఇప్పుడు ఊరి మధ్య, ఇళ్ళ నడుమ నిలబడి ఉంటుంది. నది తెచ్చిపోసిన మట్టితో సముద్రం వెనక్కి జరిగిపోయింది. రేవు పక్కన ఒక పెద్ద తెల్లటి భవనం ఉంది. అది డాన్యూబ్ యూరోపియన్ కమిషన్ కట్టించుకున్నది. ఊరి చివర శ్మశానంలో ఆంగ్లేయులు, గ్రీకులు, తురుష్కులు, యూదులు, రష్యన్లు, రకరకాల లిపుల్లో చెక్కిన రాళ్ళ కింద పక్కపక్కనే పడుకున్నారు. ఇంత మారుమూల ఊళ్ళో ఇంతమంది పరదేశులు ఎందుకు చచ్చిపోయారని అడిగితే, జవాబు ఒక అప్పు పత్రం దాకా తీసుకెళ్ళింది. ఈ వ్యాసం ఆ అప్పు గురించి. అందులో నా అభిప్రాయం కూడా ఉంది, అది మీకు నచ్చకపోవచ్చు.

ముందు కొంచెం కథ.

డాన్యూబ్ దాదాపు 2,850 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. జర్మనీలో పుట్టి, వియన్నా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ ఊళ్ళ పక్కనుంచి సాగి, చివర్లో మూడు ప్రధాన పాయలుగా చీలి సముద్రంలో పడుతుంది. ఇవాళ పది దేశాలను తాకే నది అది. 1829లో రష్యా, ఉస్మానియా తురుష్కుల మీద గెలిచి, ఏడ్రియనోపుల్ సంధితో ఈ డెల్టాను తన చేతుల్లోకి తీసుకుంది. ఎగువన వలాకియా, మొల్డేవియా సీమల్లో పండే గోధుమ, మొక్కజొన్న బయటికి పోవాలంటే సులీనా పాయ గుండానే పోవాలి. 1846లో బ్రిటన్ తన ధాన్యం చట్టాలను ఎత్తేసి, బయటి దేశాల ధాన్యానికి తలుపులు తీసింది. దాంతో ఈ ధాన్యానికి గిరాకీ పెరిగింది. రష్యాకేమో దగ్గర్లోనే ఒడెస్సా అనే తన సొంత రేవు ఉంది. డాన్యూబ్ ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే ఒడెస్సాకి లాభమే తప్ప నష్టం లేదు. రష్యా కావాలనే పూడిక తియ్యలేదని బ్రిటిష్ వర్తకులు ఏళ్ళ తరబడి మొర పెట్టుకున్నారు. కావాలనో, బద్ధకమో, మేట మాత్రం పెరుగుతూనే పోయింది.

చివరికి సులీనా ముఖద్వారంలో నీటి లోతు తొమ్మిది అడుగులకు పడిపోయింది. పెద్ద ఓడ అంత తక్కువ నీళ్ళలో దాటలేదు. అందుకని సరుకు చిన్న పడవల్లోకి దించి, ఓడని తేలిక చేసి, ఇసుకతిప్ప దాటించి, సముద్రంలో మళ్ళీ ఎక్కించేవారు. ఈ దించడం ఎక్కించడంలో పడవలవాళ్ళ కూలి ఒక ఖర్చు, దొంగతనం ఇంకో ఖర్చు. గాలివాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. 1855 చలికాలంలో ఒక్క రాత్రి గాలికి 24 తెరచాప ఓడలు, 60 సరుకు పడవలు ఒడ్డుకి కొట్టుకొచ్చి, మూడు వందల మందికి పైగా చనిపోయారు. అప్పట్లో నావికులకు దారి చూపించింది, ఇసుకలో కూరుకుపోయి పైకి పొడుచుకొచ్చిన పాత ఓడల కొయ్యలేనట.

క్రిమియా యుద్ధంలో రష్యా ఓడిపోయాక, 1856 పారిస్ సంధిలో డాన్యూబ్‌ని అందరికీ తెరిచిన నదిగా ప్రకటించారు. ముఖద్వారం బాగుచెయ్యడానికి ఏడు దేశాలతో ఒక సంఘం వేశారు: బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ప్రష్యా, రష్యా, సార్డీనియా, టర్కీ. దాని ఆఫీసు గలాట్స్‌లో. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ సంధి ప్రకారం ఈ సంఘానికి ఇచ్చిన గడువు రెండేళ్ళు. రెండేళ్ళలో పని ముగించి, నది ఒడ్డున ఉన్న దేశాలతో ఏర్పడే మరో శాశ్వత సంఘానికి అప్పగించి వెళ్ళిపోవాలి. ఏడు దేశాలూ ఒప్పుకుని సంతకాలు చేసిన మాట అది.

పనికి చార్లెస్ హార్ట్లీ అనే ఆంగ్లేయ ఇంజనీరుని పెట్టుకున్నారు. ఆయన చేసింది చెప్పడానికి సులువే. నది ముఖద్వారం నుంచి సముద్రంలోకి రెండు వైపులా కట్టలు కట్టాడు. నది వెడల్పుగా పరుచుకోకుండా ఆ కట్టల మధ్య ఇరుకుగా, వేగంగా పోతుంది. వేగంగా పోయే నీరు ఇసుకని తనే తోసుకుపోతుంది. మన రైతు పిల్లకాలవలో మట్టి పేరుకుంటే గట్లు దగ్గరికి జరిపి నీటికి ఊపు తెస్తాడు చూడండి, అదే సూత్రం. 1861కల్లా లోతు పదిహేడు అడుగులకు పెరిగింది. ఆ శతాబ్దం చివరికి ఇరవై నాలుగు అడుగులైంది. కథలు చెప్పుకునే పని లేకుండా, లోతు కొలిచి చూపించగలిగిన విజయం ఇది.

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? మొదట టర్కీ ఖజానా ముందుగా కొంత సర్దింది, ఆ నేల అప్పటికి వాళ్ళది కాబట్టి. 1860 నుంచి సంఘం నది వదిలి సముద్రంలోకి పోయే ఓడల దగ్గర సుంకం వసూలు చెయ్యడం మొదలుపెట్టింది. ఓడ ఎంత బరువు మోస్తుందో దాన్నిబట్టి సుంకం. లోతు పెరిగితే పెద్ద ఓడలొస్తాయి, పెద్ద ఓడలొస్తే సుంకం పెరుగుతుంది, సుంకం పెరిగితే ఇంకా లోతు చెయ్యొచ్చు. లెక్క బాగుంది. చిక్కల్లా ఒకటే. మొదట కట్టిన కట్టలు తాత్కాలికమైనవి, రాళ్ళు, కొయ్యలతో వేసినవి. వాటిని సముద్రం తినెయ్యకముందే కాంక్రీటుతో గట్టిపరచాలి. సుంకం ఏటేటా కొంచెం కొంచెం వస్తుంది, ఖర్చు ఒక్కసారే పెట్టాలి. మధ్యలో తీసుకున్న చిన్న చిన్న చేబదుళ్ళు పెద్ద పనికి చాలవు. ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలిసిన ఇబ్బందే ఇది.

సంఘం చూస్తే దేశం కాదు. దానికి నేల లేదు, సైన్యం లేదు, పన్ను కట్టే ప్రజలు లేరు. అలాంటి సంస్థకి తక్కువ వడ్డీకి పెద్ద మొత్తం ఎవరిస్తారు? బ్రిటన్ తరఫున సంఘంలో కూర్చున్న జాన్ స్టోక్స్ అనే సైనిక ఇంజనీరు పట్టుబట్టి ఒక దారి తీశాడు. 1868లో గలాట్స్‌లో ఒక ఒప్పందం కుదిరింది. సంఘం లక్షా పైచిలుకు పౌన్లు అప్పు తీసుకుంటుంది. బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ఉత్తర జర్మనీ, ఇటలీ, టర్కీ ఆ అప్పుకి పూచీ ఉంటాయి. బ్రిటిష్ పార్లమెంటు అదే ఏడు దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఏడో సభ్యదేశమైన రష్యా పూచీ ఇచ్చినవాళ్ళలో లేదు. సంఘంలో కుర్చీ మాత్రం వదులుకోలేదు.

ఈ అప్పు పద్ధతి నాకు నిజంగానే నచ్చింది. పూచీ ఇచ్చిన దేశాలు సొంత డబ్బు తియ్యలేదు, పేరు అరువిచ్చాయి. ఆ పేరు చూసి వడ్డీ తగ్గింది. అప్పు తీర్చింది నది, అంటే నదిని వాడుకున్న ఓడలు. సులీనా పేరెప్పుడూ వినని పేద పన్నుదారు ఎవడి మీదా భారం పడలేదు. ఆరు దేశాలు, అందులో ఒకదానితో ఒకటి కత్తులు దూసుకునేవే ఎక్కువ, ఒకే కాగితం మీద సంతకం పెట్టాయి. రెండేళ్ళు తిరిగేసరికి ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధానికి దిగాయి. అప్పు మాత్రం చెక్కుచెదరలేదు. మంచి మాటలతో రాసిన సంధి కంటే ఉమ్మడి అప్పు మనుషుల్ని గట్టిగా కట్టి ఉంచుతుందని నాకు అనిపించింది ఇక్కడే. సంధి మీరితే పరువు పోతుంది, అప్పు ఎగ్గొడితే రేపు ఇంకెవడూ అప్పివ్వడు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళకని వచ్చిన సంఘం గడువు అప్పటికే పొడిగించుకుంటూ వచ్చింది. 1871లో లండన్‌లో మళ్ళీ ఒక సంధి. దాని నాలుగో అధికరణంలో సంఘాన్ని మరో పన్నెండేళ్ళు, 1883 ఏప్రిల్ 24 దాకా కొనసాగిస్తున్నామని రాశారు. ఎందుకు ఆ తేదీ? ఆ కారణం కూడా అక్కడే రాశారు. అది పూచీ మీద తెచ్చిన అప్పు తీరాల్సిన గడువు. అంటే అప్పు ఎన్నాళ్ళుంటే పెద్దమనుషులు అన్నాళ్ళుంటారు. న్యాయంగానే ఉంది. నా పూచీ మీద అప్పు నడుస్తున్నంత కాలం నేను పద్దు చూస్తానంటే ఎవరు కాదంటారు?

అప్పు అనుకున్నదానికంటే ముందే, 1882లోనే తీరిపోయింది. 1887కల్లా సంఘానికి ఏ అప్పూ లేదు. ఇప్పుడు ఏం జరగాలి? లెక్కలు ముగించి, తాళాలు అప్పగించి వెళ్ళిపోవాలి. ఎవరికి అప్పగించాలో కూడా అప్పటికి తేలిపోయింది. 1878 బెర్లిన్ సంధితో రొమేనియా స్వతంత్ర దేశమైంది, డెల్టా దాని చేతికొచ్చింది. సులీనా ఇప్పుడు రొమేనియా నేల.

జరిగింది వేరు. అదే బెర్లిన్ సంధిలో రొమేనియాకి సంఘంలో ఒక కుర్చీ ఇస్తూనే, గలాట్స్ దాకా ఆ దేశపు అధికారంతో సంబంధం లేకుండా సంఘం పూర్తి స్వతంత్రంగా పనిచేస్తుందని రాసుకున్నారు. 1883లో, అప్పు తీరిన మరుసటి ఏడు, లండన్‌లో మళ్ళీ కూర్చుని సంఘాన్ని ఇంకో ఇరవై ఒక్క ఏళ్ళు పొడిగించారు. అది అయ్యాక, ఎవరూ వద్దనకపోతే మూడేసి ఏళ్ళ చొప్పున దానంతటదే సాగిపోయేట్టు ఏర్పాటు చేశారు. అధికారం గలాట్స్ నుంచి ఇంకా పైకి, బ్రాయిలా దాకా జరిపారు. ఆ సమావేశంలో రొమేనియాకి సమానమైన ఓటు ఇవ్వలేదు, సలహా చెప్పుకోవచ్చన్నారు. మా నది మీద మేం సలహాదారులమా అని రొమేనియా వెళ్ళలేదు. తను లేకుండా చేసిన సంధిని ఒప్పుకోలేదు.

ఆ సంఘానికి సొంత జెండా ఉండేది. సొంత నియమాలు, సొంత పోలీసు, తప్పు చేసిన నావికులకు వేసే జరిమానాలు, సొంత ఆసుపత్రి. ఒక దేశం నడిబొడ్డున కాకపోయినా, ఆ దేశపు ధాన్యం అంతా బయటికి పోయే గొంతు దగ్గర ఇంకో చిన్న దేశం. ఆ సంగతంతా దగ్గర్నుంచి చూసిన నౌకాదళ అధికారి యూజెనియు బొటెజ్, జాన్ బార్ అనే కలంపేరుతో సులీనా మీద ఒక నవల రాశాడు. దాని పేరు "యూరోపోలిస్". ఆ ఊరు ఎవరిదైపోయిందో పేరులోనే ఉంది.

ఇక్కడ ఎదురు ప్రశ్న వేసేవాళ్ళుంటారు, వేయాలి కూడా. "వాళ్ళు వెళ్ళిపోతే కొత్తగా పుట్టిన పేద దేశం ఆ పని చెయ్యగలిగేదా? రష్యా ఉన్నప్పుడు ఇసుక మేట వేయలేదా? ఒడ్డున ఉన్నవాడికి నది మీద హక్కుంటే ఎగువనున్నవాడి గతేంటి?" ఇది గట్టి ప్రశ్న. సంఘం పని మానేసి కుర్చీలకు అతుక్కుపోయిందని కూడా నేను అనను. 1880 నుంచి 1902 దాకా నది వంకర్లు కోసి సులీనా పాయని ఎనభై చిల్లర కిలోమీటర్ల నుంచి అరవై చిల్లరకి కుదించింది ఆ సంఘమే. నేను పడవలో వెళ్ళిన ఆ సూటి కాలవ వాళ్ళ చలవే. హార్ట్లీ 1907 దాకా సలహా ఇస్తూనే ఉన్నాడు.

కానీ పని బాగా చెయ్యడం వేరు, ఎవరి తరఫున చేస్తున్నామన్నది వేరు. రొమేనియాకి చేతకాదనుకుంటే నేర్పించొచ్చు. రష్యా మళ్ళీ మేట వేయిస్తుందని భయముంటే నియమం రాసుకోవచ్చు, లోతు కొలిచి ఏటా ప్రకటించమనొచ్చు. పర్యవేక్షణ ఉంచుకుని పెత్తనం వదిలెయ్యొచ్చు. ఆ దారి 1883లో తెరిచే ఉంది. దాన్ని తొక్కకపోవడానికి కారణం చేతకానితనం మీద భయం కాదని నా అనుమానం. ఒకసారి పద్దు చేతికొచ్చాక దాన్ని దించడం ఎవరికీ ఇష్టం ఉండదు. మా నాన్నకీ ఇష్టం లేకపోయింది.

ఈ కథ చదువుతుంటే మన గోదావరి గుర్తు రాకుండా ఉండదు. కాలం కూడా అదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఆర్థర్ కాటన్ గోదావరిని పైదాకా ఓడల దారి చెయ్యాలని తలపెట్టాడు. నాగపూరు, బేరారు పత్తి నది మీదుగా సముద్రానికి దిగాలన్నది ఆలోచన. నది ఒక గట్టు నిజాముది, ఇంకో గట్టు కంపెనీది, తర్వాత రాణీగారిది. 1860లో నిజాంతో చేసుకున్న సంధిలో ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకి వచ్చాయి. నది మీద పోయే సరుకుకి ఇటువాళ్ళూ అటువాళ్ళూ సుంకం వేయకూడదని కూడా అందులో ఉంది. భద్రాచలం దాటి వెళితే దుమ్ముగూడెంలో ఆ ఓడల దారి కోసం కట్టిన ఆనకట్ట ఇప్పటికీ ఉంది.

సుంకం లేని నది వర్తకుడికి తియ్యగా వినిపిస్తుంది. కానీ సుంకం లేదంటే నదికి సొంత ఆదాయం లేదు. ఆదాయం లేదంటే ఏటా ఖజానా వైపు చేయి చాచాలి. 1867లో రైలు నాగపూరు చేరింది. 1871లో సర్కారు ఖర్చు ఎక్కువైపోతోందని గోదావరి పైభాగపు పనులు ఆపేసింది. అదే ఏడు లండన్‌లో డాన్యూబ్ సంఘానికి అప్పు గడువు దాకా ఆయుష్షు పోస్తున్నారు. ఒక నది మీద పెత్తందారులు ఎక్కువై వదల్లేదు. ఇంకో నది మీద పెత్తందారు ఒక్కడే, కలంపోటుతో వదిలేశాడు. రెండు చోట్లా ఒడ్డున ఉన్నవాణ్ణి ఎవరూ అడగలేదు.

మరి ఒడ్డున ఉన్నవాళ్ళే పూచీ పడితే ఎలా ఉంటుంది? దానికీ ఒక ఉదాహరణ ఉంది, ఆఫ్రికాలో. సెనెగల్ నది మీద మాలి, మౌరిటానియా, సెనెగల్ కలిసి 1972లో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. గినియా 2006లో చేరింది. నది మీద కట్టే ఆనకట్టలు ఏ ఒక్క దేశానివీ కావు, అందరి ఉమ్మడి ఆస్తి అని 1978లో రాసుకున్నారు. 1982లో వాటి అప్పులకి దేశాలన్నీ కలిసి పూచీ పడేట్టు ఇంకో ఒప్పందం చేసుకున్నారు. డబ్బు జర్మనీ, ఫ్రాన్స్, అరబ్బు నిధులు ఇచ్చాయి. పూచీ మాత్రం నది ఒడ్డువాళ్ళదే. 1989లో సెనెగల్, మౌరిటానియా కొట్టుకున్నాయి. రాయబారుల్ని వెనక్కి పిలిపించుకున్నాయి. అయినా ఉమ్మడి సంస్థ కూలిపోలేదు. ఇరవై ఏళ్ళ అప్పు ఉమ్మడిగా నెత్తిన ఉంటే విడిపోవడం అంత తేలిక కాదు మరి.

అక్కడంతా బంగారమని నేను చెప్పను. ఓడలు మాలిలోని కాయ్ దాకా పోతాయన్న మాట మొదటి నుంచీ ఉంది, ఇవాళ్టికీ సరిగ్గా నెరవేరలేదు. సముద్రపు ఉప్పునీరు ఎక్కిరాకుండా కట్టిన దియామా ఆనకట్ట వల్ల నీళ్ళు నిలవుండి, నత్తల వల్ల వ్యాపించే బిల్హార్జియా జబ్బు ఒడ్డు ఊళ్ళలో విపరీతంగా పెరిగింది. అప్పు పత్రంలో ఆ ఖర్చుకి గడి లేదు. కానీ అక్కడ తప్పు జరిగితే నిలదీయడానికి ఆ ఒడ్డు మనిషికి సొంత రాజధానిలో ఒక తలుపుంది. సులీనా జాలరికి లండన్‌లోనో పారిస్‌లోనో ఏ తలుపు ఉంది?

డాన్యూబ్ కథకి ముగింపు కూడా చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ సంఘం నాలుగు దేశాలకు కుదించుకుపోయింది: బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, రొమేనియా. గలాట్స్, బ్రాయిలా మధ్య అధికారం ఎవరిదని రొమేనియా గొడవపడితే, అంతర్జాతీయ న్యాయస్థానం 1927లో సంఘం వైపే మొగ్గింది. 1938లో సినాయా ఒప్పందంతో గానీ రొమేనియా చేతికి పగ్గాలు రాలేదు. రెండేళ్ళకని వచ్చినవాళ్ళు ఎనభై రెండేళ్ళు ఉన్నారు.

అంతలో ఇంకో యుద్ధం. 1948లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ యూనియన్ తన బలగంతో కొత్త ఒప్పందం రాయించింది. ఒడ్డు దేశాలకే చోటు, బయటివాళ్ళు బయటికి. బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా దాన్ని ఒప్పుకోలేదు. దానికి తగిలించిన ఒక అనుబంధపత్రం ఉంది. పాత యూరోపియన్ కమిషన్ బ్రిటన్‌కి, ఫ్రాన్స్‌కి, రష్యాకి, ఇతర దేశాలకి తిరిగి ఇవ్వాల్సిన బాకీలన్నీ రద్దయినట్టే అని అందులో రాశారు. 1868 అప్పు ఎప్పుడో గౌరవంగా తీరిపోయింది. తర్వాతి అప్పులు మాత్రం ఇలా ఒక కలంపోటుతో పోయాయి. మర్యాదగా వెళ్ళిపోయే రోజు ఒకటి వచ్చినప్పుడు వెళ్ళనివాణ్ణి, తర్వాత మర్యాద లేకుండా పంపించారు. పంపించినవాడూ మంచివాడేం కాదు. ఒడ్డు దేశాల పేరు చెప్పి మాస్కో తన మనుషుల్నే కూర్చోబెట్టింది. కానీ ఆ ఖాళీని తయారుచేసింది 1883 నాటి మొండితనమే అని నా నమ్మకం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఉమ్మడి నదికి ప్రభుత్వాలు అప్పు ఇవ్వాలి, పూచీ పడాలి. అది దానం కంటే మంచిది. దానం పుచ్చుకున్నవాడికి తలవంపు, అప్పు తీర్చినవాడికి తల ఎత్తుకునే హక్కు. ఆ అప్పు నది సంపాదనలోంచే తీరాలి, లేకపోతే గోదావరి పనుల గతే. నేల ఎవరిదో వాళ్ళకి మొదటి రోజు నుంచీ ఓటు ఉండాలి, సలహా చెప్పుకునే మూల కుర్చీ చాలదు. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పు తీరిన రోజున పూచీదారు లేచి వెళ్ళిపోవాలి. ఆ తేదీ పత్రంలో రాసి ఉంటే సరిపోదు, 1871లో రాసే ఉంది. దాన్ని పొడిగించాలంటే ఒడ్డువాడు తనంతట తను అడగాలి, పూచీదారు అడగకూడదు. ఈ ఒక్క షరతు 1883లో ఉండుంటే, డాన్యూబ్ సంఘాన్ని ఇవాళ రొమేనియా పిల్లలు స్నేహానికి గుర్తుగా చదువుకునేవాళ్ళేమో.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, సులీనా నుంచి లండన్ తిరిగొచ్చిన నెలకి బాబాయి ఫోన్ చేశాడు. ఆయనకిప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. మనవడి పైచదువుకి బ్యాంకు అప్పు కావాలట, జామీను ఉండేవాళ్ళు కావాలట. అడగడానికి ఆయన ఎంత ఇబ్బంది పడ్డాడో గొంతులో తెలిసింది. "మీ నాన్న లాగా నువ్వు కూడా..." అని ఆగిపోయాడు. ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు.

కిందటి నెల ఊరు వెళ్ళి సంతకం పెట్టొచ్చాను. బ్యాంకు మెట్లు దిగుతుంటేనే నోరు జారింది: "ఒరే, ఆ కోర్సు కంటే ఇంకోటి తీసుకుంటే ఉద్యోగాలు బాగుంటాయి కదరా?" వాడేం మాట్లాడలేదు, "సరే పెదనాన్నా" అన్నాడు. పక్కన బాబాయి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ సంక్రాంతి నాడు విస్తరి ముందు నుంచి లేచిపోతూ నాన్న వైపు చూసిన చూపే అది.

కారెక్కే ముందు వాడికి చెప్పాను. చివరి కిస్తీ కట్టిన రోజున నాకో మెసేజ్ పెట్టమని, ఆ తర్వాత వాడి చదువు గురించీ ఉద్యోగం గురించీ నేను ఏదైనా అంటే, ఆ మెసేజే తిరిగి నాకు పంపించమని.